అమ్మతో అబద్ధం చెప్పి హంపి వెళ్లాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒంగోలు. నాకు 24 ఏళ్లు. ఇక్కడే ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. డిగ్రీలో నాతో చదివిన కావలి అమ్మాయి, నేను కలిసి డిసెంబరులో హంపి వెళ్లి, అటునుంచి గోకర్ణ చూసి రావాలనుకుంటున్నాం. హంపిలో మూడు రాత్రులు, గోకర్ణలో రెండు. మనిషికి పది వేలు దాటకూడదు. హోటల్ గదులకు ఆ డబ్బు చాలదు కాబట్టి మంచం లెక్కన అద్దెకిచ్చే హాస్టళ్లలో ఉందామని నా ఫ్రెండ్ అంటోంది. మా అమ్మకు చెబితే, "ఇంటర్లో హాస్టల్లో ఉండలేనని ఏడ్చి ఇంటికొచ్చినదానివి, ఇప్పుడు ఎదురు డబ్బులిచ్చి ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య పడుకుంటావా?" అని ఒకటే గొడవ. హంపి దగ్గర జరిగిన దారుణం కూడా టీవీలో చూసింది. "హుబ్బళ్లిలో మా పిన్ని వాళ్లింట్లో ఉంటామని చెప్పేద్దాం" అని ఫ్రెండ్ ఐడియా. చెప్పేయమంటారా? అసలు ఆ హాస్టళ్లు సేఫేనా? పైగా నాకు ఎవరైనా గురక పెడితే నిద్ర పట్టదు, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే టెన్షన్. (పేరు వెయ్యొద్దు, ఒంగోలు)

సమాధానం:

ముందు ఆ పిన్ని సంగతి తేల్చేద్దాం. చెప్పొద్దు. అబద్ధం పాపమని కాదు, నీ వయసులో నేనూ చాలా చెప్పాను. హంపి పక్కనున్న హోసపేట బస్టాండులో నీ ఫోన్ పోయిందనుకో. రాత్రి తొమ్మిదైనా నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే అమ్మ ఫోన్ చేసేది పిన్నికి. పిన్నికేమో ఏమీ తెలియదు. అక్కణ్ణుంచి మొదలయ్యే వెతుకులాట మొత్తం తప్పు ఊళ్లో జరుగుతుంది. ఏ రాత్రి ఏ ఊళ్లో, ఏ మంచం మీద పడుకున్నావో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

అయితే అమ్మను ఒప్పించడమెలా? ఆమెకు అడ్డం పడుతున్నది ప్రయాణం కాదు, 'హాస్టల్' అన్న మాట. మన ఒంగోలు, నెల్లూరు వైపు హాస్టల్ అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి ఇంటర్ కాలేజీ హాస్టల్: స్టడీ అవర్లు, నీళ్ల సాంబారు, ఆదివారం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడే అమ్మానాన్నలు. రెండోది ఉద్యోగం చేసే ఆడపిల్లల హాస్టల్. నువ్వు వెళ్లబోయేది ఈ రెండూ కాదు. అమ్మతో ఆ మాటే అనకు. 'సత్రం' అను. నిజానికి అది సత్రమే, కాకపోతే వైఫై ఉంటుంది.

మీ అమ్మ తిరుమల వెళ్లే ఉంటుంది. గది దొరకని రోజున యాత్రికుల వసతి సముదాయంలో లాకర్ తీసుకుని, పెద్ద హాల్లో చాప పరుచుకుని వందమంది మధ్య పడుకునే ఉంటుంది. ఆ రాత్రి ఏం చేసిందో అడిగి చూడు. డబ్బులు బొడ్లో దోపుకుని, సంచి తల కింద పెట్టుకుని, గోడ పక్కన చోటు చూసుకుని, పిల్లల్ని లోపలి వైపు పడుకోబెట్టి ఉంటుంది. పక్క చాప మీద ఉన్న కర్నూలావిడతోనో కోయంబత్తూరావిడతోనో రెండు మాటలు కలిపి, "కాస్త చూస్తుండమ్మా, బాత్రూంకి పోయొస్తా" అని ఉంటుంది. నెల్లూరులో రొట్టెల పండగకి వచ్చి బారాషహీద్ దర్గా ఆవరణలో చెరువు గాలికి నిద్రపోయే ఆడవాళ్లను చూడు, వాళ్లకూ ఎవరూ క్లాసులు చెప్పలేదు. పరాయివాళ్ల మధ్య నిద్రపోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు బాగా వచ్చిన విద్య. నువ్వు చేయబోయేది అదే. కొత్తగా చేరేది ఒక మంచం, ఒక లాకరు, ఒక కర్టెను. ఈ మాట ఇలాగే అమ్మకు చెప్పు. "నువ్వైతే ఏం చేస్తావమ్మా?" అని సలహా అడిగితే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

ఈ హాస్టళ్ల పుట్టుక కూడా అలాంటిదే. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు పిల్లల్ని నడక యాత్రకు తీసుకెళ్లి గాలివానలో చిక్కుకున్నాడు. ఆ రాత్రి వాళ్లకు ఒక పల్లె బడి గదే దిక్కయింది. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లలో ప్రయాణం చేసే పిల్లలకు పడక ఏర్పాటు చేస్తే బాగుంటుందని ఆయనకు అప్పుడే తట్టింది. తుపాను హెచ్చరిక వస్తే బడిలో పడుకునే మన కొత్తపట్నం, ఊళ్లపాళెం వాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. మన దేశంలో యూత్ హాస్టళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి గానీ, ఇప్పుడు నువ్వు ఇన్‌స్టాలో చూస్తున్న రంగురంగుల గోడల రకం మాత్రం 2013లో జోస్టెల్ అనే హాస్టళ్ల సంస్థ మొదలైన తర్వాత వరసగా వచ్చినవే.

ఇక అమ్మ టీవీలో చూసిన విషయం. దాన్ని దాటవేస్తే ఈ ఉత్తరానికి అర్థం లేదు. 2025 మార్చిలో, రాత్రి వేళ, సణాపుర చెరువు దగ్గర కాలువ గట్టున కూర్చున్న పర్యాటకుల మీద, వాళ్లను తీసుకెళ్లిన హోమ్‌స్టే ఆవిడ మీద దాడి జరిగింది. ఇద్దరు ఆడవాళ్లపై అత్యాచారం చేశారు. కాలువలోకి తోసేసిన వాళ్లలో ఒక యువకుడు చనిపోయాడు. తప్పు దాడి చేసినవాళ్లది, గట్టు మీద కూర్చుని నక్షత్రాలు చూసినవాళ్లది కాదు. అది మనసులో పెట్టుకునే ఒక సంగతి చెబుతాను. ఆ దాడి జరిగింది నలుగురు పడుకున్న గదిలో కాదు. బయట, వెలుగు లేని చోట, పిలిస్తే పలికే మనిషి లేని దూరంలో. నా ఇన్నేళ్ల తిరుగుడులో నాకు గుండె దడ పుట్టిన సందర్భాలు కూడా దాదాపు అన్నీ గది బయటివే: అర్ధరాత్రి బస్సు దిగినప్పుడు, ఆటో తెలియని సందులోకి తిరిగినప్పుడు, సాయంత్రం అనుకున్న తిరుగు దారి రాత్రి అయినప్పుడు. అందుకే హాస్టల్ ఎంచుకునేటప్పుడు మంచం ఎలా ఉందో చూసే ముందు, ఆ మంచం దాకా వెళ్లే దారి ఎలా ఉందో చూడాలి.

హంపిలో ఈ దారి మాట మరీ ముఖ్యం. ఊరి మధ్యలో తుంగభద్ర ఉంది. విరూపాక్షుడి గుడి, బజారు, కమలాపుర, హోసపేట ఒక ఒడ్డున. ఆనెగొంది, సణాపుర, అంజనాద్రి కొండ అవతలి ఒడ్డున. వరి పొలాలు, బండరాళ్ల మధ్య ఉండే హాస్టళ్లు చాలావరకు అవతలే. ఫొటోలు అద్భుతంగా ఉంటాయి. కానీ గుడి దగ్గర నది దాటించే పడవ సాయంత్రం దాకానే. డ్యాం నుంచి నీళ్లు ఎక్కువ వదిలితే పగలు కూడా ఆపేస్తారు. పడవ తప్పితే రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి, చీకట్లో, ఆటోవాడు చెప్పిన రేటుకి. మీరిద్దరూ మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి ఇవతలి ఒడ్డునే, హోసపేట, కమలాపుర వైపు వెతకండి అంటాను. నీ ఫ్రెండ్‌కి నచ్చకపోవచ్చు. అవతలే కావాలని పట్టుబడితే ఒక ఒప్పందం చేసుకోండి: పొద్దుగుంకే లోపు ఆ ఒడ్డు చేరిపోవాలి, రాత్రి హాస్టల్ వాళ్లతో కలిసైనా సరే చెరువు గట్లకూ కాలువ గట్లకూ పోకూడదు. అంజనాద్రి పొద్దున్నే ఎక్కండి. (హనుమంతుడు పుట్టింది అక్కడా, మన తిరుమలలోనా అన్న గొడవ మాత్రం హాస్టల్లో ఎత్తకండి. ఒక రాత్రి నేను ఎత్తాను. పన్నెండు దాకా తేలలేదు.)

వెళ్లేది అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో అయితే రాత్రి మార్కాపురం రోడ్‌లో ఎక్కితే పొద్దునకు హోసపేట. ఒంగోలు నుంచి మార్కాపురం ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో స్త్రీశక్తి కింద నీకు టికెట్టు డబ్బులు ఉండవు, ఆధార్ చూపిస్తే చాలు. హోసపేటలో దిగాక అదే ఊపులో కండక్టరుకు ఆధార్ చూపించకు. కర్ణాటక ఉచిత బస్సు కర్ణాటక ఆడవాళ్లకే, మనం టికెట్టు కొనాలి. అక్కణ్ణుంచి హంపి 13 కిలోమీటర్లు. భాష గురించి దిగులొద్దు, హోసపేట, బళ్లారి వైపు తెలుగు బాగానే నడుస్తుంది.

గోకర్ణ ప్రయాణంలో అసలు చిక్కు ఉంది. హోసపేట నుంచి రాత్రి స్లీపర్ బస్సు ఎక్కితే ఒక రాత్రి అద్దె మిగులుతుందని అందరూ చెబుతారు. మిగిలే మాట నిజమే. కానీ అది మిమ్మల్ని తెల్లవారుజామున ఏ నాలుగుకో దించేస్తే, రిసెప్షన్ తెరిచేది ఎనిమిదింటికైతే, ఆ నాలుగు గంటలు ఎక్కడ కూర్చుంటారు? బుక్ చేసేముందే హాస్టల్‌కి ఫోన్ చేసి అడగండి: "రాత్రంతా రిసెప్షన్లో మనిషి ఉంటారా? తెల్లవారుజామున వస్తే లోపల కూర్చోనిస్తారా?" మంచం ఎలాగూ మధ్యాహ్నం గానీ ఇవ్వరు, సంచులు మాత్రం చాలాచోట్ల పెట్టుకోనిస్తారు. ఆ ఫోన్‌లో వాళ్లు మాట్లాడే తీరును బట్టే నాకు సగం సంగతి తెలిసిపోతుంది. విసుక్కుంటే వేరేది చూస్తాను. నా సలహా అయితే పగటి బస్సులో హుబ్బళ్లి మీదుగా వెళ్లండి. ఒక పూట పోతుంది, పోనీ.

హాస్టల్ ఎంపికకు రివ్యూలు చదవాల్సిందే కానీ చదివే పద్ధతి ఉంది. మార్కులు చూడొద్దు. కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టి, గత రెండు మూడు నెలల్లో ఆడవాళ్లు రాసినవి మాత్రమే చదువు. 'వైబ్ సూపర్' అన్నవి దాటెయ్. 'రాత్రి లైటు లేదు', 'బాత్రూం గడియ పట్టలేదు', 'స్టాఫ్ వాట్సాప్‌లో మెసేజిలు పెట్టాడు' లాంటి మాటలు ఒక్కసారి కనిపించినా ఆగు. ఒకే ఫిర్యాదు ఇద్దరు రాస్తే ఇక ఆ హాస్టల్ వద్దు. యాప్‌లో 'ఫిమేల్ డార్మ్' (ఆడవాళ్లు మాత్రమే పడుకునే ఉమ్మడి గది, డార్మిటరీ) అని ఉన్నదే తీసుకోండి, బాత్రూం గదిలోపలే ఉందో లేదో చూసుకోండి. మిక్స్‌డ్ డార్మ్ వంద రూపాయలు తక్కువకి వస్తుంది. అలవాటయ్యాక నీ ఇష్టం, ఈసారికి ఆ వంద గురించి ఆలోచించకు.

డబ్బు లెక్క నీకు వచ్చిన పనే. మంచం సీజన్‌ని బట్టి ఐదారు వందల నుంచి వెయ్యి దాకా ఉంటుంది, పైన 5 శాతం జీఎస్టీ. డిసెంబరు అంటే రెండు ఊళ్లకూ మంచి గిరాకీ. శుక్రవారం రాత్రి బెంగళూరు మొత్తం హంపికి దిగుతుంది. ఆదివారం బయల్దేరి సోమవారం నుంచి బుధవారం దాకా హంపిలో ఉంటే రేటూ తగ్గుతుంది, జనమూ తగ్గుతారు. క్రిస్మస్ దాటాక గోకర్ణ వైపు చూడకండి. ఇంకో మాట, మీరిద్దరు. రెండు మంచాలకు 1,500 అవుతూ, అదే హాస్టల్లో ఇద్దరి గది 1,700కి వస్తుంటే గది తీసుకోండి. డార్మిటరీలోనే ఉంటేనే అసలైన ప్రయాణం అనుకోకండి. యాప్‌లో చూసిన రేటు హాస్టల్ సొంత సైటులో కూడా ఒకసారి చూసుకుని, ఫోన్లో ఎవరో "ఈ నంబరుకి అడ్వాన్స్ కొట్టండి మేడమ్" అంటే మాత్రం కొట్టకండి. గూగుల్లో దొంగ నంబర్లు పెట్టి కూర్చునేవాళ్లు ఎక్కువయ్యారు. పొరపాటున కొట్టేస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఉంటుంది.

చెక్ ఇన్‌లో గుర్తింపు కార్డు అడుగుతారు. పాన్ కార్డు చెల్లదు, అందులో అడ్రసు ఉండదు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. డ్రైవింగ్ లైసెన్సు ఉంటే ఇంకా మంచిది, బండి అద్దెకు కూడా అదే కావాలి. లైసెన్సు లేకుండా స్కూటీ ఇస్తానన్న వాడి దగ్గర తీసుకోవద్దు.

సంచిలో ఏం పెట్టుకోవాలో పెద్ద జాబితా రాయను. మూడు వస్తువులు మాత్రం మరిచిపోవద్దు. ఒకటి సొంత తాళంకప్ప, సన్న కొక్కెం ఉన్నది. లాకరు ఇస్తారు గానీ తాళం చాలాచోట్ల మనదే. మన ఇళ్లలో ఉండే లావు తాళంకప్ప ఆ రింగులో దూరదు. పుదుచ్చేరిలో నా మొదటి డార్మిటరీ రాత్రి, నా 46వ ఏట, సరిగ్గా ఇదే జరిగింది. తాళం పట్టలేదు, నేను అడగలేదు. పర్సు దిండు గలీబులో పెట్టుకుని రాత్రంతా దాని మీద చెయ్యి వేసుకుని మేలుకున్నాను. పొద్దున రిసెప్షన్ కుర్రాడు "చెప్పుంటే మా తాళం ఇచ్చేవాణ్ణి కదా ఆంటీ" అన్నాడు. రెండోది పాత కాటన్ చున్నీ. మంచానికి కర్టెన్ లేకపోతే కింది మంచం తీసుకుని, చున్నీ అంచును పై పరుపు కింద దోపి వదిలేస్తే నీకు ఒక చిన్న గది తయారవుతుంది. పడుకునేటప్పుడు కప్పుకోవచ్చు, ఎండలో తలకి చుట్టుకోవచ్చు. మూడోది చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్. మెడికల్ షాపులో దొరుకుతాయి. గురకకు ఇంకో మందు లేదు. గురక పెట్టేవాళ్లను లేపి ఏమైనా అంటే వాళ్లకూ నిద్ర పోతుంది, నీకూ రాదు. ఒంగోల్లోనే రెండు రాత్రులు పెట్టుకుని అలవాటు చేసుకో, లేకపోతే అక్కడ చెవిలో ఏదో పాకుతున్నట్టు ఉంటుంది.

గదిలోకి వెళ్లగానే సంచి మంచం మీద విసిరేయకు. ముందు పరుపు అంచు ఎత్తి కుట్టు వెంబడి చూడు. నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తే నల్లులు ఉన్నట్టే. మొహమాటపడకుండా వేరే గది అడుగు. బాత్రూంలో గడియ పడుతుందో లేదో, వెంటిలేటర్ ఎటు తెరుచుకుందో, అద్దం దగ్గర, పైకప్పు మీద, ప్లగ్ పాయింట్‌లో అవసరం లేని వస్తువేదైనా బిగించి ఉందో చూడు. రహస్య కెమెరా భయం అమ్మకు తప్పకుండా ఉంటుంది. కనిపెట్టే యాప్‌లను నమ్మకు, నీ కళ్లే నయం. అనుమానం వస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, బయటికొచ్చి 112కి చెయ్యి. అలా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, "సర్దుకుపోండి మేడమ్" అనే వ్యవహారం కాదు.

ఇప్పుడు నీ టెన్షన్ దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట అదే. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే భయం అన్నావు. నాకు తెలిసి మన వైపు అమ్మాయిలకు మాట్లాడటం రాక ఇబ్బంది రాదు, వద్దనడం రాక వస్తుంది. మొహమాటానికి పోతే ఏమైందో చెప్పే సామెత ఒకటుంది, ఇక్కడ పూర్తిగా రాయలేను, మీ అమ్మకు తెలుసు. హాస్టల్లో సాయంత్రం అందరూ కూర్చునే హాలు ఉంటుంది. గిటార్ వాయించేవాడు ఒకడు, పేకాడేవాళ్లు నలుగురు, కొన్నిచోట్ల బీరు సీసాలు కూడా. చాలామంది మంచివాళ్లే. కానీ ఎవరో "మీ ఇన్‌స్టా ఐడీ ఇవ్వండి", "రేపు నా బండి మీద వచ్చేయండి", "ఒక్క సిప్పు" అంటారు. మనకు ఇష్టం ఉండదు. కాదంటే బాధపడతాడేమోనని నవ్వుతాం. ఆ నవ్వును వాడు సరే అనుకుంటాడు. "వద్దు" అని చెప్పి ఊరుకో. కారణం చెప్పకు. కారణం చెబితే దానికి విరుగుడు వెతుకుతారు: తలనొప్పి అంటే మాత్ర ఇస్తానంటాడు, అమ్మ తిడుతుందంటే అమ్మకు తెలియదుగా అంటాడు. ఒట్టి "వద్దు"కి విరుగుడు లేదు. నీ గ్లాసు నువ్వే నింపుకో, వదిలేసి లేచి వెళ్తే తిరిగొచ్చి అదే తాగకు. గదిలో ఎవరి తీరైనా నచ్చకపోతే రిసెప్షన్‌కి వెళ్లి "మంచం మార్చండి" అను. నేను ఒకసారి రాత్రి పదకొండుకి మార్పించుకున్నాను. పక్క మంచం అమ్మాయి ఎవరినో గదిలోకి తెచ్చుకుంది, అంతే. ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. నేనే అనవసరంగా ఒక గంట సేపు, ఏమనుకుంటారో అని దుప్పటి కప్పుకుని ఉన్నాను.

మరి ఇష్టమైనవాళ్లతో మాటలు ఎలా మొదలుపెట్టాలి? మీ ఊళ్లోనే దానికి మందుంది. అల్లూరయ్య కొట్లో ఒక మైసూరుపాకు పెట్టె కొనుక్కుపో. గదిలోకి వెళ్లాక పెట్టె తెరిచి, "మా ఒంగోలు స్వీటు, తీసుకోండి" అను. తర్వాత నువ్వు మాట్లాడక్కర్లేదు, వాళ్లే మాట్లాడతారు. కావలి అమ్మాయిని నెల్లూరు మలైకాజా తెమ్మను, కానీ అది పాకంతో ఉంటుంది, రెండో రోజుకి సంచంతా చీమలు. ఇంకో కబురు కూడా పట్టుకెళ్లు. హంపిలో కృష్ణాలయం చూస్తావు కదా, అది మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అక్కణ్ణుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టించిన గుడి. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి ముందు నిలబడి, "ఈ దేవుడు మా పక్క ఊరివాడు" అని ఢిల్లీ అమ్మాయికి చెప్పినప్పుడు నీ టెన్షన్ ఎటు పోయిందో చూడు.

తినేవాటిలో ఒక్క హెచ్చరిక. అమ్మ కోపం తగ్గాక ప్రేమ మొదలవుతుంది, గోంగూర పచ్చడి, చేపల వేపుడు డబ్బాలకెత్తుతుంది. తీసుకెళ్లొద్దు. ఏసీ డార్మిటరీలో ఎనిమిది మంది మధ్య ఆ మూత తీస్తే మైసూరుపాకుతో సంపాదించుకున్న స్నేహం అక్కడితో సరి. కారప్పొడి, పల్లీల పొడి చాలు. హంపిలో జొన్న రొట్టె, వంకాయ కూర చవగ్గా దొరుకుతాయి, నీ కారప్పొడి అక్కడ అక్కరకొస్తుంది. వంట గది ఉన్న చోట గిన్నె వాడితే వెంటనే కడిగి పెట్టు.

మనం కూడా ఒకరికి పక్క మంచం వాళ్లమే. నేను ఒకసారి తెల్లవారుజామున నాలుగున్నర బస్సు కోసం లేచి, చీకట్లో ప్లాస్టిక్ కవర్లన్నీ ఒక్కొక్కటే సర్దాను. ప్రపంచంలో ప్లాస్టిక్ కవరంత చప్పుడు చేసే వస్తువు ఇంకోటి లేదు. పై మంచం మీద నుంచి ఒకమ్మాయి తల వంచి, ఏమీ అనకుండా చూసింది. ఆ చూపు ఇంకా గుర్తుంది. ఇప్పుడు రాత్రే సర్ది, పొద్దున వేసుకునే బట్టలు కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకుంటాను. కవర్ల బదులు గుడ్డ సంచులు. ఫోన్ అలారం వైబ్రేషన్‌లో. ఫోన్ మాట్లాడాలంటే వరండాలోకి. అమ్మతో కూడా.

అమ్మతో ఒప్పందం ఇలా చేసుకో. రెండు హాస్టళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, రైలు టికెట్టు పీఎన్‌ఆర్ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు. వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్‌ల కింద పోతుంది. రోజుకు రెండు ఫోన్లు: పొద్దున బయల్దేరేటప్పుడు ఎటు వెళ్తున్నావో, రాత్రి గదికి చేరాక. మధ్యలో అమ్మ పది సార్లు చేయకూడదు. నువ్వు ఆ రెండూ తప్పకూడదు. నది అవతల, బండల మధ్య సిగ్నల్ పోతుందని ముందే చెప్పి ఉంచు. సిగ్నల్ లేని చోట యూపీఐ కూడా ఉండదు, పడవకీ కొబ్బరి బోండానికీ చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. కాస్త డబ్బు నీ దగ్గర, కాస్త ఫ్రెండ్ దగ్గర, ఒక ఐదు వందల నోటు ఫోన్ కవరు వెనక. ఫొటోలు ఆ ఊరు దాటాకే ఇన్‌స్టాలో పెట్టండి. రైల్లో ఇబ్బంది అయితే 139, ఎక్కడైనా 112. మీరిద్దరూ పోట్లాడుకోవడం కూడా ఖాయం, మూడో రోజు సాయంత్రానికి. అప్పుడు ఎవరూ ఒక్కరే అలిగి బీచ్ వైపు వెళ్లిపోకూడదని ఇప్పుడే అనుకోండి. గోకర్ణలో ఓం బీచ్ నుంచి హాఫ్ మూన్ వైపు కొండ దారిలో చీకటి పడితే దీపం ఉండదు.

మొదటి రాత్రి మంచం దొరకగానే అమ్మకు వీడియో కాల్ చెయ్యి. గదిలో మిగతావాళ్లు కనపడకుండా నీ మంచం, లాకరు, చున్నీ కర్టెను మాత్రం చూపించు. దుప్పటి మురిగ్గా ఉందని ఏదో ఒకటి అంటుంది.

తిరుగు రైలు మార్కాపురం చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. ఆ వేళ స్టేషన్ బయటికి వచ్చి ఆటోలు బేరమాడొద్దు. నాన్న రాగలిగితే రమ్మను. లేదంటే వెయిటింగ్ రూంలో ఆడవాళ్లు కూర్చున్న వైపు ఉండి, తెల్లారాక ఒంగోలు బస్సు ఎక్కండి.